తిరుపతి పాతూరు నడిచి చూడాలి: సామాను ఎక్కడ, ఏ వేళకు ఏ వీధి, ఎంత ఖర్చు?

ఓరుగల్లు_పిల్ల
అందరికీ నమస్తే. సోమవారం పొద్దున తిరుమలలో మా దర్శనం స్లాట్. రైలు శనివారం తెల్లారేసరికి తిరుపతిలో దించుతుంది, గది మాత్రం సాయంత్రం నుంచే. నేను, అమ్మ (58). అమ్మ నడుస్తుంది కానీ మోకాళ్లకు మెట్లు పడవు. ఆటోల జోలికి పోకుండా కొండ కింద ఊరు, ముఖ్యంగా గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పాత వీధులు చూడాలని ఉంది. గది కాక ఇద్దరికీ కలిపి రోజుకు 600 దాటొద్దు.
సామాను ఎక్కడ పెట్టాలి, ఏ వేళకు ఎటు నడవాలి, తిండి ఎక్కడ, దేనికి జాగ్రత్త పడాలి, ఇవి చెప్పండి చాలు. "చూడదగిన పది స్థలాలు" వద్దు, అవి చదివీ చదివీ విసుగొచ్చింది.

కర్నాల_వీధి
చెల్లెమ్మా, ముందు దిక్కులు పట్టుకో. తిరుపతిలో కొండ ఎప్పుడూ ఉత్తరానే. రైలు పట్టాలు దక్షిణాన. ఆ రెంటి మధ్య గోవిందరాజస్వామి పెద్ద గోపురం. ఏ సందులో చిక్కుకున్నా నాలుగడుగులు వేసి సందు మొదటికొస్తే ఈ మూడింట్లో ఒకటి కనబడక మానదు. ఫోన్లో మ్యాప్‌ని నమ్ముకుంటే పాతూర్లో తికమకే. వీధులు ఇరుకు, మేడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, నీ చుక్క పక్క వీధిలోకి దూకేస్తుంది. కొండను చూసి నడువు.

సామాను: స్టేషన్ ప్రధాన ద్వారం బయటికి వస్తే ఎదురుగానే విష్ణునివాసం, టీటీడీ వాళ్లది. అక్కడ ఉచిత లాకర్లు ఉంటాయి. శని, ఆదివారాల్లో నిండిపోవడం మామూలే. అప్పుడు స్టేషన్లోని క్లోక్‌రూమ్‌కి వెళ్లు. అక్కడ రెండు షరతులు: రైలు టికెట్ చూపాలి, సంచికి తాళం పడి ఉండాలి. జిప్పుకు తాళం వేయలేని గుడ్డ సంచీలు, మూటలు తీసుకోరు. చాలామంది వెనక్కి తిరిగేది ఇక్కడే. ఇంటి దగ్గరే రెండు చిన్న తాళాలు సంచిలో వేసుకో. ఆధార్ అసలు కార్డు, ఒక జిరాక్స్ పైసంచిలోనే ఉంచు, లోపల సర్దితే ప్రతి కౌంటర్ దగ్గరా మూట విప్పాలి.

తర్వాత గాంధీ రోడ్డు మీదుగా గుడి వైపు నడువు. స్టేషన్ నుంచి గోపురానికి అర కిలోమీటరు అటూ ఇటూ. అమ్మతో పోయినా పది నిమిషాలు పట్టదు. ఆటో వాళ్లు "చాలా దూరం మేడం" అంటారు. గోపురం కనబడుతూనే ఉంటుంది, తలూపి ముందుకు పో.

పాకాల_జంక్షన్
తిండి సంగతి నేను చెప్తా.
పొద్దున ఆరున్నరకు బండ్లు మొదలవుతాయి. ఇడ్లీ, పొంగలి, దోశ, వడ. బండి మీద ఇడ్లీ ప్లేటు ముప్పై నలభై లోపలే. కూర్చుని తినే హోటల్లో అదే ప్లేటు దాదాపు రెట్టింపు. పొంగలి మన పక్క మిరియం, జీలకర్ర, నెయ్యి వేసి జావలాగా చేస్తారు, వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. తొమ్మిది దాటితే గట్టిపడి ముద్దవుతుంది, అప్పుడు దోశ చెప్పుకోండి. ఎర్రకారం దోశ అడిగేటప్పుడు అమ్మకి కారం పడుతుందో లేదో చూసుకోండి. వెల్లుల్లి, ఎండుమిరపకాయ నూరి పూస్తారు, పైన పప్పుల పొడి చల్లుతారు. "కారం రవ్వంత" అని ముందే చెప్పాల. పూసినాక తుడవలేరు.

మధ్యాన్నం మీల్స్ మామూలు హోటల్లో నూరు, నూట ఇరవై. అదీ దండగ అనుకుంటే అన్న క్యాంటీన్ ఉండాది. పూటకు అయిదు రూపాయలు. టిఫిను ఏడున్నర నుంచి పది, భోజనం పన్నెండున్నర నుంచి మూడు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది. ఆదివారం తెరిచి ఉంటుందని లెక్క వేసుకోవద్దండి. చివరి అరగంటలో పోతే అయిపోయిందంటారు, మొదట్లోనే పోవాల.

లెక్క చూడండి, ఇద్దరికి: టిఫిను 140, కాఫీలు 60, మీల్స్ 240, సాయంత్రం బొరుగుల మసాలా, బజ్జీలు 60, రాత్రి మళ్లీ టిఫిను 100. సరిగ్గా 600. నీళ్ల సీసాలు కొంటే ఈ లెక్క తప్పుతుంది. స్టీలు సీసా తెచ్చుకుని టీటీడీ సముదాయాల్లో పట్టుకోండి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు ఎట్లాగూ నిషేధం ఉండాది, ఆ స్టీలు సీసానే పైకీ పనికొస్తుంది.

చెన్నపట్నం_బస్సు
పాకాల అన్న మాంసాహారం సంగతి వదిలేశారు. గుడి చుట్టుపక్కల వెతకొద్దు. గుడికి దూరంగా, బస్టాండు దాటి తిరుచానూరు రోడ్డు వైపు పోతే రాగిసంగటి, నాటుకోడి పులుసు దొరికే హోటళ్లు ఉంటాయి. సంగటి ముద్ద ఒకటి ఒకరికి చాలు, తెలియక రెండు చెప్పి వదిలేసేవాళ్లే ఎక్కువ. దర్శనానికి ముందు తినకూడదనుకుంటే ఆ సరదా తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

శేషయ్య_మాస్టారు
అమ్మా, వీధులు నడిచే ముందు ఆ వీధులు ఎందుకలా ఉన్నాయో తెలిస్తే నడక వేరుగా ఉంటుంది. అందుకని నాలుగు మాటలు.

ఊరు మొదట ఇక్కడ లేదు. ఇప్పటి కపిలతీర్థం రోడ్డు దగ్గర కొత్తూరు అనే పల్లె ఉండేది. 1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారు, గుడి చుట్టూ అగ్రహారం ఏర్పడింది, జనం ఇటు తరలివచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి 24నే ఊరి పుట్టినరోజుగా ఈమధ్య వేడుక చేస్తున్నారు. అందుకే పాతూరంతా గుడిని చుట్టుకుని ఉంటుంది: నాలుగు పక్కలా మాడ వీధులు, ఎదురుగా సన్నిధి వీధి, వాటి వెనక కర్నాల వీధి, బేరి వీధి, తీర్థకట్ట వీధి. స్వామి ఊరేగే వీధులు వెడల్పు, వెనకవి ఇరుకు. మీరు ఉన్నట్టుండి విశాలమైన వీధిలో తేలారంటే మాడ వీధికి వచ్చారని అర్థం.

పెద్ద గోపురం ఈ ప్రాంతపు పాలకుడు మట్ల అనంతరాజు కట్టించాడు, పదిహేడో శతాబ్దం మొదట్లో. ఏడంతస్తులు, సుమారు 50 మీటర్ల ఎత్తు. అందరూ కింద నుంచి తలెత్తి ఫోటో తీసుకుని లోపలికి పోతారు. మీరు గోపుర ద్వారంలో ఒక నిమిషం ఆగండి. పైకప్పులో రామాయణ ఘట్టాలు చెక్కి ఉంటాయి, పక్క గోడ మీద రాజు, ఆయన ముగ్గురు రాణులు. వెలుతురు తక్కువ, కళ్లు అలవాటు పడేదాకా ఏమీ కనబడదు. పొద్దుటి ఎండ తూర్పు నుంచి ద్వారంలోకి పడే వేళే దానికి మంచిది.

లోపల స్వామి పవళించి ఉంటాడు. తల కింద కుంచం. తమ్ముడి పెళ్లికి కుబేరుడిచ్చిన అప్పు కొలిచి కొలిచి అలిసి పడుకున్నాడని ఇక్కడివాళ్లు చెప్పే కథ. అదే ప్రాంగణంలో పార్థసారథి సన్నిధి కూడా ఉంది, దాన్ని చూడకుండా బయటికి రావొద్దు.

ఓరుగల్లు_పిల్ల
చాలా థాంక్స్ మాస్టారూ. గోవిందరాజస్వామి గుడికి టికెట్ ఉంటుందా? చెప్పులు, ఫోన్ ఏం చేయాలి?

శేషయ్య_మాస్టారు
ధర్మదర్శనం ఉచితం. పనిదినాల్లో త్వరగానే అవుతుంది. మధ్యలో కైంకర్యాల కోసం దర్శనం ఆపుతారు, మధ్యాహ్నం అటుగా పోతే తలుపులు మూసి ఉండొచ్చు. పొద్దున్నే పోవాలనడానికి అదీ ఒక కారణం.

కర్నాల_వీధి
ఫోన్ లోపలికి వద్దు, బయట డిపాజిట్ చేయాలి. చెప్పుల విషయంలో ఒక మాట. బయట పెద్ద గోపురం, లోపల మళ్లీ గోపురాలు ఉన్నాయి, మధ్యలో అంగళ్లు. పెద్ద గోపురం దగ్గరే చెప్పులు వదిలేసి, దర్శనం అయ్యాక మాడ వీధి చుట్టేద్దామని ఇంకో వైపు నడిచిపోతారు. తిరిగొచ్చేసరికి పది దాటుతుంది, తారు కాలుతూ ఉంటుంది. పద్ధతి ఇది: ముందు చెప్పులతోనే మాడ వీధులు తిరుగు, దర్శనం చివర్లో పెట్టుకో. లేదా చెప్పులు ఒక గుడ్డ సంచిలో వేసి వెంట పెట్టుకుని లోపలి స్టాండులో ఇవ్వు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊర్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ నెలల్లో అమ్మకు ఒక జత పాత మేజోళ్లు సంచిలో వెయ్యి, రాతి నేల మీద అవే కాపాడతాయి.

సందుగొందులు
అందరూ పొద్దున పొద్దున అంటున్నారు. నేను ఒప్పుకోను. పాతూరు చూడాల్సింది సాయంత్రం అయిదున్నర తర్వాత. గాంధీ రోడ్డు, చిన్న బజారు వీధి, నాలుగుకాళ్ల మండపం చుట్టుపక్కల దీపాలు వెలిగాక జనం కిటకిటలాడుతుంటారు. ఇత్తడి సామాను అంగడి, పక్కనే గాజుల అంగడి, దాని పక్కన పటాల అంగడి, మధ్యలో బజ్జీల బండి. పొద్దున ఎనిమిదింటికి పోతే సగం షట్టర్లు దించే ఉంటాయి. తొమ్మిదిన్నర, పదికి గానీ బట్టల అంగళ్లు తెరవరు. "లైవ్లీ"గా ఉండాలంటే రాత్రి ఏడు, ఎనిమిది.

కర్నాల_వీధి
సందన్నా, సాయంత్రం చూసేది బజారు. పొద్దున చూసేది ఊరు. ఆరింటికి పాతూరి వీధుల్లో గడపల ముందు నీళ్లు చల్లి ముగ్గులేస్తుంటారు, గుడి ముందు పూలవాళ్లు మల్లె, కనకాంబరం, తులసి ముందు పోసుకుని మాలలు కడుతుంటారు. ఎడమ బొటనవేలికి దారం చుట్టి, రెండు పూలు అటు రెండు ఇటు పెట్టి ముడి బిగిస్తే చేతి కింద మాల పెరుగుతూ ఉంటుంది, కళ్లు మాత్రం బేరం చేసేవాళ్ల మీదే. పూలు మూర లెక్కన అమ్ముతారు. మూర అంటే అమ్మేవాళ్ల చేతి కొలత, కొనేవాళ్లది కాదు! పొట్టి చేతి అవ్వ దగ్గర ధర తక్కువ చెప్పిందని సంబరపడొద్దు. విశేష రోజుల్లో, శుక్రవారాల్లో ధర పైకి పోతుంది.

చెల్లెమ్మకు రెండు సాయంత్రాలు ఉన్నాయి కదా. పొద్దున పాతూరు, సాయంత్రం బజారు, రెండూ చూడొచ్చు.

సందుగొందులు
అమ్మగారితో కాబట్టి సాయంత్రం జనంలో తోపులాట కష్టమంటే సరే. కానీ సాయంత్రం చూడకుండా తిరుపతి చూశామనొద్దు, అంతే.

మోడరేటర్
దర్శనం టికెట్లు "ఏర్పాటు చేస్తాం" అని రాసిన రెండు పోస్టులు తీసేశాం. టికెట్లు ఆధార్ మీద ఇస్తారు, వేరొకరికి బదిలీ కావు. స్టేషన్ బయట, బస్టాండు దగ్గర ఆ మాట ఎవరన్నా నమ్మొద్దు. చర్చ నడక గురించే ఉండనివ్వండి.

చెన్నపట్నం_బస్సు
దళారులంటే గదుల వాళ్లు కూడా. స్టేషన్ బయటికి రాగానే "రూమ్ కావాలా" అంటూ వెంటపడేవాళ్లకి లాడ్జీ కమీషన్ ఇస్తుంది, ఆ కమీషన్ మీ అద్దెలోనే ఉంటుంది. అదే లాడ్జీకి మీరే నడిచి పోయి అడిగితే తగ్గుతుంది. అడగాల్సినవి మూడు: ఖాళీ చేయాల్సింది ఇరవై నాలుగు గంటలకా, లేక మరుసటి పొద్దున ఫలానా టైముకా? వేడినీళ్లు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా? గది ఏ అంతస్తు, లిఫ్టు పనిచేస్తుందా? మూడోది మీ అమ్మగారి మోకాళ్లకు ముఖ్యం, పాత లాడ్జీల్లో మెట్లు నిలువుగా ఉంటాయి. గది చూసినాకే డబ్బు కట్టండి. స్నానం చేసి కాసేపు నడుం వాల్చడానికే అయితే ఫ్రెషప్ అని రెండు మూడు గంటలకు ఇస్తారు, శనివారం పొద్దున మీకు అదే సరిపోవచ్చు.

బస్టాండు ఎదురుగా శ్రీనివాసం కూడా టీటీడీదే. అద్దె తక్కువ, కానీ వారాంతంలో ఖాళీ దొరకడం అదృష్టం.

ఇంకొకటి. తమిళ పెరటాసి నెల, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా, శనివారాల్లో మా వైపు నుంచి జనం పోటెత్తుతారు. మీ శనివారం ఆ నెలలో పడితే అన్ని లెక్కలకూ గంట కలపండి.

పాకాల_జంక్షన్
వైకుంఠ ఏకాదశి టైములో అయితే నడక పెట్టుకోవద్దండి. 2025 జనవరి 8న ఊర్లోని బైరాగిపట్టెడలో దర్శనం టోకెన్ల కోసం తోపులాట జరిగి ఆరుగురు పోయినారు. టోకెన్ సెంటర్ల వీధులు ఆ రోజుల్లో బారికేడ్లతో నిండిపోతాయి, నడిచేవాళ్లు వేరే దారి చూసుకోవాల.

ఓరుగల్లు_పిల్ల
మాది ఆ రోజుల్లో కాదు, హమ్మయ్య. నడక వరుస కావాలి. శనివారం పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా అనుకుంటే ఎటు నుంచి ఎటు?

కర్నాల_వీధి
ఆరింటికి సామాను పెట్టేసి కాఫీ తాగి బయల్దేరు. గాంధీ రోడ్డులో హాథీరాంజీ మఠం కనబడుతుంది. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన ఆ మఠం మహంతుల చేతుల్లోనే ఉండేది. తర్వాతే టీటీడీ. బయట నుంచి ఆ పాత కట్టడాన్ని చూసి ముందుకు సాగు.

సన్నిధి వీధికి వచ్చాక గోపురాన్ని చూసి, గుడి కుడిచేతి వైపు ఉండేట్టు మాడ వీధులు చుట్టు. తీరిగ్గా అర గంట. తర్వాత దర్శనం. ఏడున్నర, ఎనిమిది లోపల బయటికొస్తే టిఫిను.

టిఫిను తర్వాత కోదండరామస్వామి గుడి. ఇది గోవిందరాజస్వామి గుడికి ఉత్తరాన, అంటే కొండ వైపు. "రాములవారి గుడి" అని అడుగు, కోదండరామ అంటే కొందరు ఆలోచించి చెప్తారు. పెద్ద గుడిలో ఉండే హడావుడి ఇక్కడ ఉండదు, అమ్మ కూర్చోవడానికి ఇదే చోటు. అక్కణ్నించి తాతయ్యగుంట గంగమ్మ గుడి. ఈ రెండింటి మధ్య దారిలో పెద్ద రోడ్డు కాకుండా లోపలి వీధులే పట్టు. పాత మిద్దెలు, వీధి అరుగులు, కొయ్య స్తంభాల వరండాలు అక్కడక్కడ ఇంకా మిగిలున్నాయి. ఏటా ఒకటో రెండో పడగొట్టి నాలుగంతస్తుల లాడ్జీ లేపుతున్నారు, ఆ మాట వేరే.

మొత్తం నాలుగైదు కిలోమీటర్లు. పదిన్నరకు నీడకు చేరిపోండి.

నడిచేటప్పుడు కాలువల మీద పరిచిన బండల మీద అడుగు చూసి వెయ్యాలి. కొన్ని కదులుతాయి, మధ్యలో సందు ఉంటుంది. ఇరుకు వీధిలో బండ్లకు ఎదురుగా నడిస్తే వచ్చేది కనబడుతుంది. వెనక హారన్ మోగితే పక్కకు గెంతొద్దు, ఉన్నచోటే ఆగు, వాళ్లే తప్పుకుని పోతారు. గెంతితే రెండో వైపు నుంచి వచ్చే బండి ఉంటుంది.

చెన్నపట్నం_బస్సు
గుడి దగ్గర చిన్న గిన్నె, పుల్ల పట్టుకుని అడగకుండానే నుదుట నామం పెట్టేవాళ్లు ఉంటారు. పెట్టించుకున్నాక ఇరవై, యాభై అడుగుతారు. పెట్టక ముందే చెయ్యి అడ్డం పెట్టి వద్దు అనండి. ఇష్టమైతే ముందే ఎంతో అడిగి పెట్టించుకోండి. పది రూపాయల నోట్లు ఓ పది దగ్గర పెట్టుకోండి. యూపీఐ అన్నిచోట్లా ఉంది కానీ పూల అవ్వలకు చిల్లరే కావాలి.

గంగ_జాతర
తాతయ్యగుంట గంగమ్మ గుడి చెప్పి జాతర చెప్పలేదేందన్నా! మే నెలలో వచ్చేవాళ్లెవరైనా ఈ చర్చ చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నా.

గంగమ్మ వేంకటేశ్వరస్వామి చెల్లెలని ఊరి నమ్మకం, జాతరకు తిరుమల నుంచి సారె వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై వారం రోజులు. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి ఆడవేషంతో గుడికి పోతారు. ఏ రోజు ఏ వేషమో గుడి దగ్గర అడిగి తెలుసుకుని ఆ ప్రకారం పోండి. వేషాలు గుడి ఆవరణలోనే ఉండవు, వీధుల్లో ఇంటింటికీ తిరుగుతాయి. కాబట్టి గుడి క్యూలో నిలబడేకంటే పాతూరి వీధి అరుగు మీద నిలబడితే ఎక్కువ కనబడుతుంది. బండ వేషం వాళ్లు బూతులు తిడతారు, అది మొక్కులో భాగం. కోపం తెచ్చుకోవద్దు, నవ్వుతూ వీడియో తీసి నెట్లో పెట్టొద్దు. చివరి రోజు విశ్వరూపం, ఆ రాత్రి పెద్దవాళ్లను, పసిపిల్లలను ఆ జనంలోకి తీసుకుపోవద్దు.

జాతర వారం లాడ్జీ ఖర్చు పెద్దగా పెరగదు. వచ్చేది ఎక్కువగా మన చుట్టుపక్కల ఊళ్ల జనం, రాత్రికి ఇళ్లకు పోతారు.

ఓరుగల్లు_పిల్ల
చదువుతుంటేనే మేలో మళ్లీ రావాలనిపిస్తోంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఎండలో ఏం చేయాలి? ఆదివారం కపిలతీర్థం, తిరుచానూరు అనుకుంటున్నాం. ఉచిత బస్సు మాకు వర్తిస్తుందా?

సందుగొందులు
మీ తెలంగాణ మహాలక్ష్మి ఇక్కడ పనిచేయదు. ఏపీలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది కానీ ఏపీ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. తిరుమల కొండ బస్సులకు ఎవరికీ లేదు. తిరుచానూరు అయిదు కిలోమీటర్లు, సిటీ బస్సుకు చిల్లర డబ్బులే అవుతాయి. అది నడవొద్దు, నడిచే దారి కాదు, అంతా వాహనాలే.

తిరుచానూరు మధ్యాహ్నానికి పెట్టుకోండి. పద్మావతి అమ్మవారి దర్శనం అయ్యాక అక్కడే అన్నప్రసాదం, ఉచితం. ఆదివారం అన్న క్యాంటీన్ లేని లోటు అక్కడ తీరుతుంది. పద్మ సరోవరం గట్టున నీడ పడే వైపు చూసుకుని కూర్చోవచ్చు. శుక్రవారం అయితే చాలా రద్దీ, మీది ఆదివారం కాబట్టి మధ్యస్తం.

కర్నాల_వీధి
శనివారం ఎండలో విష్ణునివాసం హాలు గానీ స్టేషన్ వెయిటింగ్ హాలు గానీ. ఫ్రెషప్ గది తీసుకుంటే దాన్ని పొద్దున కాకుండా పదకొండున్నరకు తీసుకో. స్నానం పొద్దున స్టేషన్లో కానివ్వు. డబ్బు ఒకటే, ఎండలో నిద్ర దొరుకుతుంది.

సాయంత్రం బజారు అయ్యాక కాళ్లు నొప్పెడితే అన్నమాచార్య కళామందిరం, మహతి ఆడిటోరియంలో టీటీడీ వాళ్ల సంగీతం, హరికథలు ఉంటాయి. ప్రవేశం ఉచితం. ఆ రోజు కార్యక్రమం ఉందో లేదో గేటు దగ్గర బోర్డు చూసుకోవాలి.

కొండవాలు
కపిలతీర్థం సంగతి నాకు వదిలేయండి.
స్టేషన్ నుంచి మూడు కిలోమీటర్లు, ఉత్తరంగా. లీలామహల్ సర్కిల్ దాటి కపిలతీర్థం రోడ్డు పట్టుకుంటే ముక్కుసూటిగా కొండ పాదం. పైన గరుడ వారధి (కొన్నేళ్లు శ్రీనివాససేతు అన్నారు) ఫ్లైఓవర్ ఉన్నంత మేర కింద నీడ ఉంటుంది, దుమ్ము కూడా ఉంటుంది. సర్కిళ్ల దగ్గర స్తంభాలు అడ్డం వచ్చి మలుపు తిరిగే బస్సు కనబడదు, సిగ్నల్ పడ్డాకే దాటాలి. అమ్మగారు పోవడానికి బస్సెక్కి, వచ్చేటప్పుడు నడిస్తే సులువు, తిరుగు దారి కొద్దిగా పల్లం.

జలపాతం ఎప్పుడూ ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శేషాచలం మీది నీళ్లు నేరుగా పుష్కరిణిలోకి దూకుతాయి. ఎండాకాలం సన్నటి ధార, ఒక్కోసారి అదీ ఉండదు. ఫోటోల్లో చూసి ఏప్రిల్లో వచ్చేవాళ్లు మొహం వేలాడేసుకుని పోతుంటారు. భారీ వాన పడిన రోజు మాత్రం స్నానానికి దిగనివ్వరు, నీళ్లతో పాటు రాళ్లు, కొమ్మలు కొట్టుకొస్తాయి. గుడి కపిలేశ్వరుడిది, శివాలయం. కార్తీక మాసంలో, సోమవారాల్లో రద్దీ.

పుష్కరిణి మెట్లకు పాచి ఉంటుంది. నీళ్లు తగిలే మెట్టు మీద అడుగు పెట్టే ముందు గోడ పట్టుకోండి. అమ్మగారు పై మెట్టు మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకుంటే చాలు.

వానలో ఇంకో జాగ్రత్త. ఊర్లో పట్టాల కింద నుంచి పోయే అండర్‌బ్రిడ్జిలు గంట వానకే నిండుతాయి. వెస్ట్ చర్చి దగ్గరది మరీను. 2021 అక్టోబరులో అందులో నీళ్లలో చిక్కుకుని ఒకరి ప్రాణం పోయింది. నీళ్లు మోకాలి లోతే కనబడినా దిగొద్దు. స్టేషన్ వెనక దిగి పాతూరికి రావాలంటే స్టేషన్ పాదచారుల వంతెన మీదుగా రావడమే మేలు.

ఓరుగల్లు_పిల్ల
కొండవాలు అన్నా, వంతెనకు లిఫ్టు ఉంటుందా? లేదా అమ్మకు మెట్లే కదా?

కొండవాలు
మెట్లంటే కష్టం అన్నావు కాబట్టి స్టేషన్ వెనక గది తీసుకోనే వద్దు. ముందు వైపే, విష్ణునివాసం నుంచి బస్టాండు దాకా ఉన్న కిలోమీటరులోనే చూసుకో.

శేషయ్య_మాస్టారు
కొనేవాటి గురించి ఎవరూ రాయలేదు. గుడి అంగళ్లలో ఎర్రచందనం బొమ్మలని అమ్మేవాటిలో చాలావరకు మామూలు కొయ్యకు రంగు పూసినవి. మరపాచి బొమ్మల జంట, అంటే రాజు రాణి, అసలుది కావాలంటే చేతిలోకి తీసుకుని చూడండి. అసలు కొయ్య చేతికి బరువుగా తగులుతుంది. ఎర్రచందనం శేషాచలం అడవుల్లో పెరిగే చెట్టు, దాని మీద అటవీ శాఖ నిఘా గట్టిగా ఉంటుంది. బిల్లు లేకుండా చిన్న ముక్క కూడా కొనొద్దు. ప్రభుత్వ లేపాక్షి షోరూములో బిల్లుతో ఇస్తారు, ధర కొంచెం ఎక్కువే.

600 లో మిగిలేది తక్కువ కదా. రాగి చెంబు, ఇత్తడి దీపపు కుంది లాంటివి తూకం వేసి అమ్మే అంగళ్లు ఉన్నాయి. ముందు కిలో ధర అడగండి, తర్వాత వస్తువు చేతికి తీసుకోండి. ముందు వస్తువు నచ్చిందని మొహంలో తెలిస్తే కిలో ధర మారుతుంది.

ఓరుగల్లు_పిల్ల
రాసుకున్నాను. చివరగా ఒక్కటి. ఆదివారం రాత్రే కొండకు పోవాలా, సోమవారం తెల్లవారుజామున పోతే సరిపోతుందా?

పాకాల_జంక్షన్
స్లాట్ ఎన్నింటికో రాయలేదు మీరు. ఘాట్ రోడ్డు ఎక్కడానికే ముప్పావు గంట. అలిపిరి చెకింగ్ దగ్గర సామాను స్కానింగుకు బస్సులోంచి అందరూ దిగాల, వారాంతం తర్వాత సోమవారం పొద్దున ఆ లైను పెద్దది. తొమ్మిది స్లాటైతే నాలుగున్నరకు బస్టాండులో ఉండండి. అంత పొద్దున్నే గదిలోంచి బయటపడాలంటే లాడ్జీ వాళ్లకు ఆదివారం రాత్రే లెక్క కట్టేసి అడ్వాన్సు వెనక్కి తీసుకోండి. నాలుగింటికి కౌంటర్లో మనిషి నిద్రపోతుంటాడు.